భాయి పేరులో ఒక హెచ్

అది శుక్రవారం, పొద్దున పదకొండు గంటలు. కళ్యాణదుర్గం పక్కన మా మంచినీళ్ల పథకం పంపుహౌసులో ఉన్న కంప్యూటరు, ఏండ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న భాయిని నీకు అధికారం లేదు పొమ్మంది. ఆ గంటకు నేనక్కడ లేను. అనంతపురంలో పెద్దాఫీసు వరండాలో, పింఛను కాగితాల మీద సంతకం పెట్టే మనిషి సీట్లోకి ఎప్పుడొస్తాడా అని బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఆ నెలాఖరుకు నా రిటైర్మెంటు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే మీకోసం ఇది రాస్తున్నాను. కంప్యూటరు గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నేను చెప్పేది దాని ముందర కూర్చున్న మనుషుల సంగతి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా ఆయన ఈ శాఖలోనే చేసేవాడు. ఆయన పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. చేరిన రోజు వేలిముద్ర వేశాను. వేలికంటిన సిరా కడుక్కుంటుంటే సిగ్గేసింది. ముప్పై దాటాక రాత్రిబడికి పోయి తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది మాత్రం పంపు ప్యానెలే. ఆన్, ఆఫ్, ట్రిప్. ఇప్పటికీ ఇంగ్లీషు ముక్క ఏది చూసినా ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవాల్సిందే.

భాయి కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు. మా ఇద్దరిదీ ఒకే షిఫ్టు. నన్ను అక్కా అంటాడు. పంపు శబ్దం మారితే చాలు, తింటున్న అన్నం వదిలేసి లేచే రకం. నేను దిగిపోయాక నా సీటు అతనికే ఇస్తామని పై నుంచి మాట వచ్చింది. దానికి ఒక్కటే షరతు, అతని మీద ఎలాంటి రిమార్కూ ఉండకూడదు. మా పంపుహౌసులో ఆ నెలంతా వేరే మాట లేదు. భాయి పెళ్లాం అప్పుడే నాకు సేమ్యా పాయసం కూడా పంపింది. తొందరపడొద్దని చెబుతూనే తిన్నాను.

ఇంక కంప్యూటరు. మా పథకం నీళ్లు గుట్ట మీది ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి ఊళ్లకు వంతుల ప్రకారం దిగుతాయి. ఏ ఊరికి ఎప్పుడు వదలాలి, పంపు ఎప్పుడు ఆపాలి అన్నీ అందులోనే. మొదట్లో దాంట్లోకి పోవడానికి అందరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. గోడ మీద దేవుడి క్యాలెండరు కింద స్కెచ్‌పెన్నుతో రాసి పెట్టుకున్నాం. వాచ్‌మన్‌కు తెలుసు, టీ తెచ్చేవాడికి తెలుసు. ఒకసారి ఎవరో పుణ్యాత్ముడు తన అత్తగారి ఊరికి వంతు ముందుకు జరిపాడు. ఎవరు చేశారో కనుక్కుందామంటే అందరి పేరూ ఒకటే. ఆ గొడవ పైదాకా పోయింది.

అప్పుడు ఒక చిన్న ఇంజనీరును పంపారు. కోస్తా అబ్బాయి, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మాట మెత్తన, పని గట్టి. వచ్చిన రోజే స్పిరిట్ ముంచిన గుడ్డతో గోడ మీది పాస్‌వర్డు తుడిచేశాడు.

"ఇక నుంచి ఎవరి పేరు వాళ్లది, ఎవరి పాస్‌వర్డు వాళ్లది అమ్మా. అందరూ చూడొచ్చు. కానీ పంపు ఆపడం, మళ్లీ నడపడం, వంతు మార్చడం, ఈ మూడు ఆజ్ఞలూ షిఫ్టు ఆపరేటర్లే ఇవ్వగలరు. మిగతావాళ్లు ఇస్తే మెషీన్ ఒప్పుకోదు."

"ఒప్పుకోకుంటే ఏం చేస్తాది సార్?" అని భాయి అడిగాడు.

"వద్దని చెబుతుంది, అంతే."

"తిడతాదా?"

ఇంజనీరు నవ్వాడు. మేమూ నవ్వాం.

ఆ అంతేలో ఎంతుందో మాకు ఆ శుక్రవారం తెలిసింది.

మొదటి ఫోను చివరి ఊరి నుంచి వచ్చింది. పైపులైను చివర ఉండే ఊరు కాబట్టి దాన్ని మేమంతా చివరి ఊరనే అంటాం. అక్కడ మహిళా సంఘం పెద్దామె ఒకావిడ ఉంది. ఆమె గొంతుకు ఫోను అక్కరలేదు.

"ఏమక్కా, ఈపొద్దు మా వంతు కదా! సన్నగా వచ్చి నిలబడిపోయినాయి. ఇంగెప్పుడు వస్తాయి?"

నేను పంపుహౌసుకు చేశాను. వాచ్‌మన్ ఎత్తాడు. ముసలాయన, చెవులు కొంచెం మందం.

"పంపు నిలబడిపోయిందక్కా. భాయి నిలిపి పాయ."

"యాడికి పాయ?"

"శుక్రారం గదక్కా. నమాజుకు పోయింటాడు."

"పదకొండుకే ఏం నమాజు? మనిషి ఎట్లుండె?"

"మొగం ఇట్ల పెట్టుకోనుండె," అన్నాడు. ఎట్ల పెట్టుకున్నాడో ఫోనులో నాకెలా కనబడుతుంది? భాయికి చేస్తే స్విచ్ఛాఫ్.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి మా సబ్‌డివిజన్ పెద్ద సారు మా పంపుహౌసుకు వస్తానని ముందే చెప్పి ఉన్నారు. కొత్త ఏర్పాటు చూడటానికీ, నా సీటులోకి వచ్చే మనిషిని చూడటానికీ. ఆ వేళకు పంపు ఆగిపోయి, ఆపరేటరు కనబడకపోతే ఏమని రాస్తారు? డ్యూటీ వదిలి పోయినాడు అని రాస్తారు. ఆ ఒక్క రిమార్కు చాలు.

సంతకం పెట్టే మనిషి అప్పుడే సీట్లోకి వస్తున్నాడు. నేను లేచి బస్టాండుకు పరుగెత్తాను.

బస్సు ఎక్కానే గానీ కూర్చోలేకపోయాను. సీటు ఉంది, ఒళ్లు నిలవదు. కిటికీ పక్కకు పోయి వడగాలి తగిలి ఇవతలికి వచ్చాను. కండక్టరు "ఏమ్మా, పురుగు కుట్టిందా?" అన్నాడు. బయట దున్ని పెట్టిన ఎర్రచేలు వానకోసం కాచుకుని ఉన్నాయి. మబ్బు లేదు. చిన్న ఇంజనీరుకు ఫోను చేశాను. కణేకల్ దిక్కు ఇంకో పథకం దగ్గర ఉన్నాడు.

"పంపు నడిపే ప్రోగ్రాం బిగుసుకుపోయి ఉంటుందమ్మా. అప్పుడు మళ్లీ నడిపే ఆజ్ఞ ఇవ్వాలి. అదొక్కటే. భాయికి నేర్పించాను కదా?"

"భాయి లేడు సార్."

"లేకపోవడమేంటి?"

"అదే నాకూ తెలియల్ల. మీరు బిన్నా రాండి."

కళ్యాణదుర్గంలో దిగి ఆటో పట్టుకుని పంపుహౌసుకు పోయాను. పంపు ఆగి ఉంది. దాన్ని చేత్తో ఆపొచ్చు గానీ, చేత్తో నడిపే వీలు లేకుండా కంప్యూటరు బిగించిన కంపెనీవాళ్లు తీసేశారు. నడపాలంటే కంప్యూటరే నడపాలి. నెలాఖరుకు ఎలాగూ దిగిపోయేదాన్నని, ఆజ్ఞలిచ్చేవాళ్ల జాబితాలో నా పేరు పెట్టించుకోలేదు. తెర మీద నల్లగా, దాంట్లో తెల్ల అక్షరాలు. ఒకటే వాక్యం మూడుసార్లు ఉంది. వేలు పెట్టుకుని చదివాను. మొదట భాయి పేరు. ఆ తర్వాత జాబితాలో లేడనేదేదో. చివర, దిస్ ఇన్సిడెంట్ విల్ బి రిపోర్టెడ్.

ఆ చివరి ముక్క చదివాక నాకు వాచ్‌మన్ చెప్పిన మొహం ఎట్లుంటుందో కనబడింది.

మీకు ఈ మాట మామూలుగా ఉండొచ్చు. మా శాఖలో రిపోర్టు అంటే ఏంటో తెలుసా? నీమీద రిపోర్టు పోయింది అన్నారంటే మెమో వస్తుంది. మెమో వస్తే సంజాయిషీ రాయాలి. కాంట్రాక్టు మనిషికైతే ఆ రెండూ ఉండవు, రేపట్నుంచి రావద్దంటారు. భాయి మూడుసార్లు కొట్టాడు, మూడుసార్లూ రిపోర్టు చేస్తానంది. మూడు రిపోర్టులు. పాపం, పంపు మాత్రం పద్ధతిగా నిలిపి, ప్యానెల్ తలుపు వేసి మరీ పోయాడు.

ఇంటికి పోయాను. భాయి పెళ్లాం తలుపు తీసి, నా మొహం చూసి, "పొద్దునే డ్యూటీకి పాయనే అక్కా, ఏమాయ?" అంది. ఏం లేదులే అన్నాను. మసీదు దగ్గరికి పోయాను. నమాజు అయిపోయి మనుషులు చెప్పులు వేసుకుంటున్నారు. ఒక పెద్దాయన, "ఈపొద్దు రాల్యా అమ్మా. నేనూ అదే అనుకొంటాండా, జుమ్మా ఇడిసేటోడు కాదే," అన్నాడు.

అక్కడ నా కాళ్లు ఆగాయి. జుమ్మా విడవని మనిషి విడిచాడు. ఏవేవో తోచాయి. రైలుపట్టాలు, బావులు. రాయను. ఆటో అబ్బాయిని ఊరంతా తిప్పమన్నాను. "యాడికక్కా?" అంటే, "నాకు తెలిస్తే నిన్ను అడుగుతానా, నడుపు," అని కసిరాను.

తాసిల్దారు ఆఫీసు ముందర అర్జీలు టైపు చేసే అంగళ్లు వరసగా ఉంటాయి. అందులో ఒక అంగడి ముందర స్టూలు మీద, చేతిలో మడత నలగని కాగితంతో, భాయి.

ఆటో ఆగకముందే దిగాను. "ఏమప్పా, బుద్ధుండాదా నీకు? ఫోనేంటికి ఆపినావు?"

"వాళ్లు చేస్తారేమోనని అక్కా."

"ఎవరు?"

"రిపోర్టు పోయిన తావ నుంచి." భాయి చుట్టూ చూశాడు. "నన్ను జాబితాలోంచి తీసేసినారక్కా. ఎందుకో తెల్దు. నేనేమో ఉండాననుకోని మూడుసార్లు కొట్టినా. అందుకే, వాళ్లకు రిపోర్టు చేరేలోపల మనమే తప్పు ఒప్పుకుంటే మంచిది గదాని సంజాయిషీ రాయించినా."

కాగితం లాక్కుని చదివాను. తెలుగు కాబట్టి చకచకా సాగింది. అది నకలు. ఒరిజినల్ మా సబ్‌డివిజన్ ఆఫీసు ఇన్‌వర్డులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాడు. అందులో ఇలా ఉంది: నేను అనధికారికముగా కంప్యూటరు నందు అధికార ఆజ్ఞలు జారీ చేయుటకు ప్రయత్నించి యున్నాను.

"ఈ అనధికారికముగా అనేది ఎవరు పెట్టమన్నారు?"

టైపు చేసే అతను లోపలినుంచి తల బయటకు పెట్టాడు. "నేనే పెట్టినానక్కా. ఆయప్ప చెప్పింది రవంతే. ఉత్తగా ఉంటే బాగుండదని మంచి మాట పెట్టినా."

"నీ మంచి మాటకు ఈయప్ప ఉద్యోగం పోతాది!"

"పై అధికారి పేరు చెప్పమంటే కంప్యూటరు పైన ఎవరుంటే వాళ్లకు అన్నాడక్కా. నేనే మీ ఆఫీసుకు మళ్లించినా," అన్నాడు, ఇంకో మేలు కూడా చేసినట్టు.

మెషీన్ పంపిన రిపోర్టు ఎటు పోయిందో నాకు తెలియదు. ముద్ర పడిన కాగితం ఎటు పోతుందో మాత్రం బాగా తెలుసు. సబ్‌డివిజన్ ఆఫీసుకు ఫోను చేస్తే, ఆ కాగితం ఇందాకే పెద్ద సారు చేతికిచ్చామన్నారు. ఆయన అదే దారిలో వస్తూ టపా తీసుకున్నారట. భాయిని చెయ్యి పట్టి లేపి ఆటోలో వేశాను.

మేం పోయేసరికి పెద్ద సారు జీపు వచ్చేసి ఉంది. గేటు దగ్గర ఒక ట్రాక్టరు. చివరి ఊరి పెద్దామె ఫోనుతో పని కావడం లేదని మనిషే వచ్చేసింది. చిన్న ఇంజనీరు కంప్యూటరు ముందర ఉన్నాడు, చొక్కా అంతా చెమట. నన్ను చూసి లేచి వచ్చి మెల్లగా అన్నాడు.

"పేరులో హెచ్ అమ్మా."

"ఏం హెచ్?"

భాయి పేరులో ఒక హెచ్ ఉంది. ఆధార్‌లో ఉంది, రేషన్‌కార్డులో లేదు. కాంట్రాక్టరు ఇచ్చిన పేర్లలో కూడా లేదు. పిల్లను బళ్లో చేర్చేటప్పుడు ఆ హెచ్ కోసం భాయి ఎన్ని ఆఫీసులు తిరిగాడో నాకు తెలుసు. ఇంజనీరు కంప్యూటరులో భాయికి పేరు పెట్టింది ఆధార్ చూసి. అధికారం ఉన్నవాళ్ల జాబితాలో రాసింది కాంట్రాక్టరు కాగితం చూసి. మెషీన్ లెక్కలో ఇద్దరు మనుషులు. లోపలికి వచ్చిన భాయికి అధికారం లేదు. అధికారం ఉన్న భాయి అసలు పుట్టనే లేదు.

పెద్ద సారు కుర్చీలో కూర్చుని కాగితం చదువుతున్నారు. కోపిష్టి కాదు గానీ, నవ్వగా ఎవరూ చూడలేదు.

"అనధికారికముగా," అన్నారు, ఆ మాట దగ్గర వేలు పెట్టి. "ఇది నువ్వే రాసిచ్చావా?"

భాయి తలూపాడు. నేను నోరు తెరవబోయాను. అంతలో చిన్న ఇంజనీరు ముందుకు వచ్చాడు.

"ఆయనకి అధికారం ఉంది సార్. నేనే ఇచ్చాను. జాబితాలో పేరు తప్పు రాశాను. ఇచ్చాక ఒకసారి ఆయన చేత కొట్టించి చూడాల్సింది, చూడలేదు. తప్పు నాది సార్. కావాలంటే నేను రాసిస్తాను."

ఉద్యోగం ఖాయం కాని పిల్లవాడు. ఆ మాట అనకుండా హెచ్ దిద్దేసి ఊరుకున్నా ఎవరికీ తెలిసేది కాదు. నా సర్వీసులో తప్పు నాది అనే మాట నేను ఎక్కువసార్లు వినలేదు.

పెద్ద సారు కాగితం పక్కన పెట్టారు. "ఈ మెషీన్ రిపోర్టు చేస్తానందట కదా. ఎవరికి చేసింది? నాకు రాలేదే?"

"మెషీన్‌లోనే పెద్ద అధికారి పేరు ఒకటి ఉంటుంది సార్. ఆ పేరు మీద ఒక మెయిల్ డబ్బాలో పడుతుంది."

"ఆ డబ్బా ఎవరు చూస్తారు?"

"ఇప్పటిదాకా... ఎవరూ చూడలేదు సార్."

మా శాఖలో చాలా రిపోర్టుల గతీ అంతేనని అక్కడున్న అందరికీ తెలుసు, పెద్ద సారుకు మరీ తెలుసు.

"సరే," అన్నారాయన. "ఇది ఇన్‌వర్డ్ అయిన కాగితం. నేను దీని మీద ఏదో ఒకటి రాయాలి. ఇప్పుడు ఇతను నా ముందర ఆజ్ఞ ఇవ్వాలి. పంపు నడిస్తే అధికారం ఉన్నట్టు. నడవకపోతే కాగితంలో ఉన్నదే నిజం."

భాయి కూర్చున్నాడు. ఒక్కో అక్షరం వెతికి ఆజ్ఞ కొట్టాడు. మెషీన్ పాస్‌వర్డు అడిగింది. కొడుతుంటే తెర మీద ఏమీ పడదు, చుక్క కూడా పడదు. పడిందో లేదోనని భాయి ఇంకోసారి నొక్కాడు. ఎంటరు కొట్టాడు. ఒక వాక్యం వచ్చింది.

వేలు పెట్టుకుని చదివేలోపల భాయే చదివేశాడు. లేచి నిలబడ్డాడు.

"అక్కా! ఇది నాకు సారీ చెప్తాందక్కా!"

సారీ, ట్రై ఎగైన్ అని ఉంది.

"పాస్‌వర్డు తప్పు పడిందండీ, అంతే. మళ్లీ కొట్టండి," అన్నాడు ఇంజనీరు.

గుమ్మంలోంచి చివరి ఊరి పెద్దామె అరిచింది. "ఏమప్పా, అది నీకు సారీ చెప్తే మాకు నీళ్లొస్తాయా? బిన్నా కొట్టు!"

భాయి మళ్లీ కూర్చున్నాడు. కీబోర్డు మీద చేతులు పెట్టి, తీసేసి, అందరి వైపూ తిరిగాడు. "అందరూ అటు తిరుగుకోండప్పా. పాస్‌వర్డు ఎవరూ చూడకూడదని సారు చెప్పినాడు."

వాచ్‌మన్ తిరిగాడు. పెద్దామె గొణుక్కుంటూ తిరిగింది. ఇంజనీరు తిరిగాడు, నేనూ తిరిగాను. అప్పుడు కుర్చీ కిర్రుమంది. పెద్ద సారు లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డారు. స్పిరిటుతో తుడిచిన మరక ఆయన ముక్కుకు ఎదురుగా ఉంది.

వెనకాల టకటకమని నిదానంగా శబ్దం. తర్వాత ఏమీ లేదు.

"ఏమీ చెప్పల్యా సార్," అన్నాడు భాయి.

"పని జరిగితే అది ఏమీ చెప్పదు," అన్నాడు ఇంజనీరు గోడకే.

పక్కగదిలో పంపు మూలిగింది. నేల అదిరింది. కిటికీ అద్దం గిలగిలలాడింది. ఆ శబ్దం నిలకడ పడేదాకా ఎవరూ తిరగలేదు. పెద్దామె చీర కుచ్చెళ్లు పట్టుకుని, "నీళ్లు మా ఊరు చేరేలోపల నేను చేరాల," అని ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

పెద్ద సారు జేబులోంచి పెన్ను తీశారు. నిలబడే, కిటికీ గట్టు మీద కాగితం పెట్టి రాశారు. రాసింది నాకు చూపించారు, చదవగలనని ఆయనకు తెలుసు. అందులో ఇలా ఉంది: వివరణ చూశాను. అధికారం ఉన్నది. చర్య అవసరం లేదు. దాని కింద, కొంచెం ఆగి, ఇంకో వాక్యం రాశారు. ఆజ్ఞ ఇచ్చునప్పుడు ఎదుట ఉన్నవారి పేర్లు దీని కింద రాయవలెను. ఎవరు ఎక్కడున్నారో ఆ వరసలోనే నేను చెబుతుంటే చిన్న ఇంజనీరు రాశాడు. ఆ పేర్లు ఇక్కడ పెట్టను, ఎవరు ఏమిటో చెబుతాను.

గోడ దగ్గర, సబ్‌డివిజన్‌కు పెద్దవారు. కంప్యూటరు పక్కన, కోస్తా నుంచి వచ్చిన చిన్న ఇంజనీరు. గుమ్మం దగ్గర, రాత్రీ పగలూ కాపలా ఉండే వాచ్‌మన్. ట్రాక్టరు మీద వెళ్లిపోతూ, చివరి ఊరి మహిళా సంఘం పెద్దామె. కిటికీ దగ్గర, నెలాఖరుకు దిగిపోయే ఆపరేటరు, అంటే నేను. కుర్చీలో, ఇంకా రెండు చేతులూ కీబోర్డు మీదే పెట్టుకుని, షిఫ్టు ఆపరేటరు, భాయి.